కుక్క ప్రాణం మీదికి వస్తే: దవాఖానకు చేరేలోపు చేయాల్సినవి, చేయకూడనివి

అమ్మా, మీరు రాసింది రెండుసార్లు చదివాను. నర్సంపేట దగ్గర మీ ఊళ్లో, పత్తి చేనుకు వెళ్లొచ్చిన మీ మూడేళ్ల కుక్క సాయంత్రానికి చొంగ కారుస్తూ, వణుకుతూ వాకిట్లో పడిపోయింది. విషం విరుగుతుందని ఇంట్లో పెద్దవాళ్లు నోట్లో పాలు పోశారు, తర్వాత చింతపండు పులుసు పోశారు. ఆటో దొరికి పశువుల దవాఖానకు చేరేసరికి గంటన్నర దాటింది. సూదులతో విషం తగ్గింది గానీ, ఊపిరితిత్తుల్లోకి పోయిన పాలతో న్యుమోనియా వచ్చి పది రోజులు నరకం చూసింది. "ఇంకోసారి ఇట్లాంటిది వస్తే డాక్టర్ దగ్గరికి చేరేలోపు మేము ఏం చేయాలి?" అని అడిగారు.

నేను డాక్టర్‌ను కాను. పరకాల, ములుగు, నర్సంపేట వైపు పశువుల దవాఖానల్లో సహాయకుడిగా 27 ఏళ్లు పనిచేశాను. ఆ ఏళ్లలో దెబ్బతో, విషంతో పోయిన కుక్కల్ని చూశాను. ఇంట్లోనో దారిలోనో నోట్లో పోసినవాటి వల్ల పోయిన కుక్కల్నీ చూశాను. ఆ రెండో రకం చూసినప్పుడు ఎక్కువ బాధ అయ్యేది, ఎందుకంటే పోసినవాళ్లు దాన్ని పిల్లల్లాగా సాదుకున్నవాళ్లే. అందుకే మొదటి మాట ఇదే చెబుతున్నాను: సోయి సరిగా లేని కుక్క నోట్లో ఏదీ పోయకండి. పాలు, మజ్జిగ, నూనె, కోడిగుడ్డు సొన ఏవీ వద్దు, మంచినీళ్లు కూడా వద్దు. మింగే శక్తి లేనప్పుడు పోసింది కడుపులోకి పోదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మీ కుక్కకు జరిగింది అదే. మీ ఇంట్లోవాళ్ల తప్పని నేను అనను. మన ఊళ్లలో అందరికీ తెలిసిన వైద్యం అదొక్కటే, వేరేది ఎవరూ చెప్పలేదు.

ఇక రెండో మాట. నొప్పిలో ఉన్న కుక్క సొంత మనిషిని కూడా కరుస్తుంది. అది పగతో చేసే పని కాదు, భయంతో చేసేది. ముఖం మీదికి వంగకుండా, పేరు పెట్టి మెల్లగా పిలుస్తూ, వీపు వైపు నుంచి దగ్గరికి వెళ్లండి. కరిచేలా ఉంటే చున్నీ తీసుకుని మూతికి ఒక చుట్టు వేసి, గడ్డం కింద ముడి తిప్పి, చెవుల వెనక కట్టండి. వాంతులు చేసుకుంటున్నా, ఊపిరి ఆడకపోయినా, ఎండదెబ్బ తగిలినా మాత్రం మూతి కట్టొద్దు. అలాంటప్పుడు మీ చేతులకు మందపాటి దుప్పటి అడ్డుపెట్టుకుని పట్టుకోండి.

కుక్క ఎంత ప్రమాదంలో ఉందో తెలుసుకోవడానికి మీకు మిషన్లు అక్కర్లేదు. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూడండి. లేత గులాబీ రంగులో ఉండాలి. వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు 2 సెకన్లలోపు మళ్లీ రంగు తిరగాలి. పాలిపోయి ఉంటే రక్తం పోతోంది లేదా షాక్‌లో ఉంది, అంటే ఒంటికి రక్తం సరిగా అందడం లేదు. నీలంగా ఉంటే గాలి అందడం లేదు. ఇటుక రంగులో ఎర్రగా ఉంటే ఎండదెబ్బ అనుకోవచ్చు. కొన్ని కుక్కలకు చిగుళ్లు పుట్టుకతోనే నల్లగా ఉంటాయి, వాటికి కింది కనురెప్ప లోపల చూడండి. ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ వరకు మామూలే. మనకు జ్వరం అనిపించే వేడి కుక్కకు ఆరోగ్యం. థర్మామీటర్ మలద్వారంలో పెట్టి చూడాలి. పడుకుని ఉన్నప్పుడు నిమిషానికి 30 సార్లలోపు ఊపిరి తీసుకోవాలి. ఈ మూడూ చూసి ఫోన్‌లో చెబితే డాక్టర్‌కు సగం విషయం అర్థమవుతుంది.

మీది పత్తి ప్రాంతం కాబట్టి విషం గురించి కొంచెం ఎక్కువ రాస్తాను. వానకాలం పంటకు మందు కొట్టే రోజుల్లో కుక్కలు స్ప్రే డ్రమ్ముల దగ్గర పడ్డ నీళ్లు తాగుతాయి, తడిసిన ఆకుల్లో తిరిగి ఒళ్లు నాకుకుంటాయి, మందు కలిపిన చేతులు తుడిచిన గుడ్డలు కొరుకుతాయి. మోనోక్రోటోఫాస్ లాంటి పురుగుల మందులు, గుళికల మందులు నరాల మీద పనిచేస్తాయి. అప్పుడు నోటి నుంచి తీగలుగా చొంగ, కళ్ల నుంచి నీళ్లు, ఆపుకోలేని మూత్రం, విరేచనం, కంటిపాపలు చిన్నగా చుక్కలా కావడం, కండలు వణకడం కనిపిస్తాయి. చివరికి ఊపిరితిత్తుల్లో కూడా నీరు ఊరి కుక్క ఊపిరాడక పోతుంది. దీనికి అట్రోపిన్ అనే మందు ఉంది. పశువుల దవాఖానల్లో బాగా తెలిసిన మందే. కానీ మోతాదు డాక్టరే చూసుకోవాలి. ఆ సూది పడేదాకా కుక్కను బతికించి తీసుకెళ్లడమే మీ పని.

అందుకు చేయాల్సినవి కొన్నే. పురుగుల మందు ఉన్న చోటు నుంచి కుక్కను పక్కకు తీయండి. ఒక పక్కకు పడుకోబెట్టి, తల కొంచెం కిందికి ఉండేలా చూసి, చొంగ బయటికి కారిపోనివ్వండి, గుడ్డతో తుడుస్తూ ఉండండి. మందు ఒంటి మీద పడి ఉంటే మెడపట్టీ తీసేసి, సబ్బు నీళ్లతో బాగా కడగండి. అప్పుడు మీ చేతులకు ప్లాస్టిక్ కవర్లయినా తొడుక్కోండి, ఆ మందు మన చర్మంలోంచి కూడా దిగుతుంది. డబ్బా గానీ ప్యాకెట్ గానీ దొరికితే వెంట తీసుకుపోండి, లేకపోతే లేబుల్ ఫోటో తీయండి. డాక్టర్‌కు ఆ పేరు ఎంత విలువైందో చెప్పలేను. ఏ మందో తెలియక చుట్టుపక్కల రైతులకు ఫోన్లు చేసి కనుక్కుంటూ అరగంట పోగొట్టుకున్న రోజులు నాకు గుర్తున్నాయి.

కక్కించే ప్రయత్నం సొంతంగా చేయకండి. ఉప్పు నీళ్లు పోస్తే ఉప్పే విషమవుతుంది. కిరోసిన్, యాసిడ్, ఫినాయిల్ లాంటివి మింగితే పైకి వచ్చేటప్పుడు గొంతు ఇంకోసారి కాలుతుంది. ఇప్పుడే మింగింది, హుషారుగా ఉంది అంటే డాక్టర్‌కు ఫోన్ చేయండి, కక్కించాలో వద్దో ఆయన చెబుతారు.

ఎలుకల మందుల్లో రెండు రకాల గురించి చెబుతాను, రెండింటి స్వభావం వేరు. మొదటిది బూడిద నలుపు పొడి, జింక్ ఫాస్ఫైడ్ అంటారు. అన్నంలోనో పిండిలోనో కలిపి పెడతారు. కడుపులోని ఆమ్లం తగిలితే అది విషవాయువు అవుతుంది. అన్నం, పాలు పెడితే ఆమ్లం ఇంకా ఊరి గాలి ఎక్కువ పుడుతుంది, అందుకే దీనికి తిండి అసలే పెట్టకూడదు. కుక్క కక్కినా ఆ వాసన మనకు మంచిది కాదు, బండిలో అద్దాలన్నీ దించుకుని పోండి. రెండో రకం బిళ్లలు, కేకుల్లాగా వస్తుంది, బ్రోమడయోలోన్ అని రాసి ఉంటుంది. ఇది తిన్న కుక్క రెండు మూడు రోజులు మామూలుగా ఆడుకుంటుంది. తర్వాత ముక్కులోంచి రక్తం, నల్లటి విరేచనం, కీళ్ల దగ్గర వాపు వస్తాయి. "ఏం కాలేదు కదా" అని ఊరుకోవద్దు. తిన్న రోజే తీసుకెళ్తే విటమిన్ కె1 మందుతో చాలా వరకు నిలబడుతుంది, కాకపోతే వారాల తరబడి వాడాలి.

మనుషుల మాత్రలు కూడా విషం కిందే లెక్కపెట్టండి. జ్వరానికని పారాసిటమాల్, నొప్పికని డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వేస్తే కాలేయం, కడుపు, కిడ్నీలు దెబ్బతింటాయి.

ఎండదెబ్బ సంగతి. వరంగల్, రామగుండం ఎండలు మీకు నేను చెప్పక్కర్లేదు. కుక్కకు మనలాగా ఒళ్లంతా చెమట పట్టదు, నాలుక బయటపెట్టి ఆయాసపడడమే దానికి ఫ్యాను. మూతి చిన్నగా ఉండే పగ్ లాంటి జాతులకు ఆ ఫ్యాను కూడా సరిగా తిరగదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక మే నెల మధ్యాహ్నం ఒకాయన పరుగెత్తుకొచ్చి, రేకుల షెడ్డులో కట్టేసిన కుక్క పడిపోయిందని చెప్పాడు. వెంటనే బండిలో వేసుకుని రమ్మన్నాను. ఆయన తెచ్చాడు, కానీ ఆ 12 కిలోమీటర్లు ఎండలో వచ్చేసరికి కుక్క ప్రాణం పోయింది. ముందు నీళ్లు పోసి చల్లబరిచి ఆ తర్వాత తీసుకురమ్మని చెప్పి ఉండాల్సింది. ఆ రోజు నుంచి ఎవరు ఫోన్ చేసినా నేను ఇదే వరుస చెప్పాను: ముందు చల్లబరచడం, తర్వాత ప్రయాణం.

నీడకు తెచ్చి ఒళ్లంతా నీళ్లు పోయండి, ముఖ్యంగా పొట్ట, తొడల సందులు, చంకలు, పాదాలు తడపండి. ముక్కులోకి, నోట్లోకి నీళ్లు పోకుండా చూడండి. డాబా మీద ట్యాంకు నీళ్లు మేలో మరిగినట్టు ఉంటాయి, చేతికి తగిలించి చూసుకోండి, వేడిగా ఉంటే బోరు నీళ్లో కడవ నీళ్లో వాడండి. నీళ్లు పోస్తూనే ఫ్యాను గానీ కూలర్ గానీ పెట్టండి, గాలి తగిలితేనే తడి వేడిని లాగేస్తుంది. తడి గోనె సంచి కప్పి వదిలేయడం చాలామంది చేస్తారు. కాసేపట్లో అదే వెచ్చబడి దుప్పటిలా వేడిని లోపల పట్టి ఉంచుతుంది. ఐసు కోసం కిరాణా షాపుల చుట్టూ తిరుగుతూ టైం పోగొట్టకండి. థర్మామీటర్ ఉంటే 103కు దిగగానే నీళ్లు ఆపేయండి, ఇంకా పోస్తే మరీ చల్లబడిపోతుంది. సోయి ఉండి తానే తాగుతానంటే గిన్నెలో నీళ్లు పెట్టండి, అంతవరకే. లేచి నిలబడ్డా సరే డాక్టర్‌కు చూపించండి. కిడ్నీలు, రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతిన్న సంగతి మరుసటి రోజు గానీ బయటపడదు.

ఫిట్స్ వచ్చినప్పుడు మనవాళ్లు తాళంచెవులు పెడతారు, ఉల్లిపాయ వాసన చూపిస్తారు, నాలుక కొరుక్కుంటుందని నోట్లో చెంచా పెడతారు. అవేవీ పనిచేయవు, చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, చెయ్యి పెడితే వేళ్లు తెగుతాయి. చుట్టూ ఉన్న కుర్చీలు, రాళ్లు జరపండి, టీవీ, లైట్లు ఆపండి, ఫోన్‌లో టైం చూడండి, వీలైతే వీడియో తీయండి. 5 నిమిషాలు దాటినా, ఒకే రోజులో మళ్లీ మళ్లీ వచ్చినా ఆగకుండా బయల్దేరాలి.

ఇప్పుడు అన్నిటికంటే జాగ్రత్తగా చదవాల్సింది. కుక్క దవడ వేలాడేసి, చొంగ కారుస్తూ, మింగలేక ఇబ్బంది పడుతుంటే మనకు మొదట తట్టే మాట "గొంతులో బొక్క (ఎముక) ఇరుక్కున్నట్టుంది" అని. వెంటనే చెయ్యి లోపల పెట్టి వెతుకుతాం. రేబీస్ వచ్చిన కుక్క కూడా సరిగ్గా అట్లాగే ఉంటుంది. అది ఎగబడి కరిచే రకమే కాదు, మూలకు నక్కి దవడ పడిపోయే రకమూ ఉంది. టీకాలు లేని కుక్క, ఈ మధ్య వేరే కుక్క కరిచిన కుక్క, ప్రవర్తన ఒక్కసారిగా మారిన కుక్క అయితే నోట్లో చెయ్యి పెట్టనే వద్దు. గదిలోనో వాకిలి మూసో ఉంచి డాక్టర్‌ను పిలవండి. చొంగ చేతి పుండు మీద పడ్డా, పన్ను గీసుకున్నా 15 నిమిషాలు సబ్బు పెట్టి పారే నీళ్ల కింద కడిగి, అదే రోజు ప్రభుత్వ దవాఖానకు వెళ్లి టీకా మొదలుపెట్టండి. లక్షణాలు వచ్చాక రేబీస్‌కు మందు లేదు, మనిషికీ లేదు, కుక్కకూ లేదు. ఏటా జూలై 6న జూనోసిస్ డే (జంతువుల నుంచి మనుషులకు సోకే రోగాల గురించి జరిపే దినం) రోజు పశువుల దవాఖానల్లో కుక్కలకు ఉచితంగా రేబీస్ టీకాలు వేస్తుంటారు, ఆ తారీఖు క్యాలెండర్‌లో రాసిపెట్టుకోండి.

నిజంగానే ఏదో ఇరుక్కుంది, తింటూ తింటూ మన కళ్ల ముందే ఉక్కిరిబిక్కిరి అయింది అంటే నోరు తెరిచి చూడండి, కంటికి కనిపిస్తేనే తీయండి. కనిపించకుండా వేలితో కెలికితే ఇంకా లోపలికి పోతుంది. చిన్న కుక్క అయితే వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తండి. పెద్దదైతే వెనక నుంచి చేతులు చుట్టి, పక్కటెముకలు అయిపోయిన చోట పిడికిలి పెట్టి లోపలికీ పైకీ గట్టిగా నాలుగైదుసార్లు నొక్కండి.

పాము కాటు విషయంలో పసరు వైద్యుల దగ్గరికి పోయి పోగొట్టుకున్న గంటలే ప్రాణం తీస్తాయి. కట్టు కట్టొద్దు, బ్లేడుతో కోయొద్దు, ఐసు పెట్టొద్దు. కుక్కను నడిపించకుండా ఎత్తుకుని పోండి, నడిస్తే విషం త్వరగా పాకుతుంది. మూతి మీదో మెడ మీదో కాటు పడితే వాపు రాకముందే మెడపట్టీ తీసేయండి. రక్తపింజర అయితే విపరీతంగా వాస్తుంది. కట్లపాము అయితే కాటు గుర్తు కూడా కనిపించకుండా కాళ్లు పడిపోతాయి. మనుషులకు ఇచ్చే విరుగుడు మందే కుక్కకూ ఎక్కిస్తారు. అన్ని చోట్లా నిల్వ ఉండదు, దారిలోనే ఫోన్ చేసి ఎక్కడ ఉందో కనుక్కోండి. పామును చంపి తెచ్చే పని పెట్టుకోకండి.

బండి గుద్దితే, ములుగు రోడ్డు మీద ఇది రోజూ చూసే సంగతే, ముందు వచ్చే బండ్లను ఆపే మనిషిని పెట్టండి, తర్వాతే కుక్క దగ్గరికి పోండి. రక్తం కారుతుంటే శుభ్రమైన తువ్వాల మడిచి గాయం మీద 5 నుంచి 10 నిమిషాలు వదలకుండా నొక్కండి. ఆగిందా అని మధ్యలో ఎత్తి చూడొద్దు, గడ్డకట్టింది ఊడిపోతుంది. తడిసిపోతే దాని మీదే ఇంకో గుడ్డ పెట్టండి. కాఫీ పొడి, సున్నం, పసుపు కూరొద్దు, డాక్టర్ అదంతా కడిగి తీసేసరికి మళ్లీ రక్తం మొదలవుతుంది. పురుగులు పడ్డ పాత పుండులో పెట్రోల్, ఫినాయిల్ పోయడం కూడా ఇట్లాంటిదే. నడుం విరిగిందన్న అనుమానం ఉంటే చంకలు పట్టి ఎత్తకండి, చెక్క మీదికో, నలుగురు పట్టిన దుప్పటి మీదికో మెల్లగా జరిపి తీసుకెళ్లండి.

అడవి పందుల కోసం పెట్టిన కరెంటు తీగ తగిలితే, కుక్కను ముట్టుకునే ముందు కరెంటు ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే దానితోపాటు మనిషీ పోతాడు. లేచి తిరిగినా ఒకటి రెండు రోజుల్లో ఊపిరితిత్తుల్లో నీరు చేరవచ్చు, కాబట్టి చూపించాల్సిందే.

జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద కుక్కలు తిన్నాక పొట్ట డప్పులా ఉబ్బి, కక్కబోయి ఏమీ రాక అల్లాడుతుంటే కడుపు మెలిపడింది అనుకోండి. సోడా, వాము నీళ్లు ఏవీ పనికిరావు, దానికి ఆపరేషనే. రాత్రి అయినా సరే బయల్దేరండి.

ఊపిరి, గుండె రెండూ ఆగితే కుడి పక్కకు పడుకోబెట్టి, ఛాతీ అన్నిటికంటే వెడల్పుగా ఉన్న చోట చేతులు పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కండి. ఛాతీ మందంలో మూడో వంతు నుంచి సగం దాకా దిగాలి. 30 సార్లు నొక్కాక, నోరు మూసి పట్టి ముక్కులోకి రెండుసార్లు ఊదండి. విషం తిన్న కుక్కకు, రేబీస్ అనుమానం ఉన్న కుక్కకు ఊదొద్దు, నొక్కడం మాత్రమే చేయండి. ఇంకొకరు బండి నడుపుతుంటే వెనక సీట్లో చేస్తూనే పోవచ్చు. చాలా కుక్కలు తిరిగి రావు. కొన్ని వస్తాయి, ఆ కొన్నిటి కోసం చేయాలి.

ఎక్కడికి పోవాలన్నది ఆ రోజు ఆలోచించే విషయం కాదు. మీ మండల పశువుల దవాఖాన డాక్టర్ నంబరు, నర్సంపేటలోనో హన్మకొండలోనో రాత్రి తలుపు తీసే ప్రైవేటు డాక్టర్ నంబరు, ఒక ఆటో డ్రైవర్ నంబరు ఈ రోజే గోడ మీద రాయండి. వరంగల్ దగ్గర మామునూరులో పశువైద్య కళాశాల ఉంది, అక్కడ కుక్కల్ని ఏ వేళల్లో చూస్తారో ముందే కనుక్కుని పెట్టుకోండి. 1962కు ఫోన్ చేస్తే వచ్చే సంచార వాహనం ముఖ్యంగా పాడి పశువుల కోసం, అయినా అడిగి చూడండి. ఒక డబ్బాలో థర్మామీటర్, దూది, గాజు గుడ్డ (గాయం మీద పెట్టే పలుచని గుడ్డ), వెడల్పు కట్టు, బీటాడిన్, చేతి తొడుగులు, పాత చున్నీ, టార్చిలైటు, టీకాల కార్డు వేసి కుక్క బెల్టు వేలాడేసే చోటే పెట్టండి.

మీ కుక్క ఇప్పటికీ తెల్లవారుజామున దగ్గుతోందని చివర్లో రాశారు. దాన్ని వదిలేయకండి. ఊపిరితిత్తుల్లోకి పాలు పోయిన కుక్కలకు మందు ఆపాక న్యుమోనియా మళ్లీ తిరగబెట్టడం నేను చూశాను. ఈ వారంలోనే ఛాతీ ఎక్స్‌రే తీయించండి, అప్పటిదాకా పరుగెత్తనివ్వకండి, మెడపట్టీ బదులు ఛాతీ బెల్టు వేయండి. నిద్రలో నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో రోజూ రాత్రి లెక్కపెట్టి ఒక కాగితం మీద రాయండి. 30 దాటితే తెల్లారేదాకా ఆగకుండా డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఎక్స్‌రే రిపోర్టు వచ్చాక ఇక్కడ రాయండి, చూస్తాను.